ఆట నుంచి పనిముట్టుకు: గేమ్ ఇంజిన్లు, వర్చువల్ లోకాలు ఇంటర్‌ఫేస్‌గా మారిన చరిత్ర

పరిచయం

కంప్యూటర్ తెర మీదికి కిటికీలు, బొమ్మ గుర్తులు, మౌస్ ఎలా వచ్చాయో కిందటి పాఠంలో చదివారు. మనిషి చెప్పే పని యంత్రానికి, యంత్రం ఇచ్చే జవాబు మనిషికి చేరే చోటునే ఇంటర్‌ఫేస్ అంటాం. ఏటీఎం తెర, సెల్‌ఫోన్ మీద వేలితో జరిపే పేజీ, వాషింగ్ మెషిన్ మీది మీటలు, ఇవన్నీ ఇంటర్‌ఫేస్‌లే. ఈ పాఠంలో చూడబోయేది కాస్త విచిత్రమైన దారి. ఆటల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌నే పని చేసుకునే ఇంటర్‌ఫేస్‌గా వాడాలని కొందరు ప్రయత్నించారు. తెర మీద ఒక లోకాన్ని కట్టి, అందులో నడుస్తూ, తోటివారిని కలుస్తూ పనులు జరుపుకోవాలన్నది వారి ఆలోచన. కొన్ని ప్రయత్నాలు నవ్వులపాలయ్యాయి. కొన్ని నిలిచాయి. ఏది ఎందుకు నిలిచింది అన్న ప్రశ్నను చదివినంతసేపూ దగ్గర పెట్టుకోండి.

బల్ల రూపకం, దానిలోని లోటు

మనం రోజూ వాడే తెరకు మూలం అమెరికాలోని జిరాక్స్ సంస్థ పార్క్ పరిశోధనాలయం. అక్కడ 1973లో ఆల్టో తయారైంది. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో ఆపిల్ మెకింతోష్ వచ్చాయి. ఈ తెరలకు ఆధారం ఆఫీసు బల్ల. బల్ల మీద కాగితాలు, కాగితాలు పెట్టుకునే ఫైళ్లు, పక్కన చెత్తబుట్ట. ఆఫీసులో పనిచేసే మనిషికి తెలిసిన వస్తువులనే చూపించారు కనుక అతడు కొత్త యంత్రాన్ని చూసి జంకలేదు. ఆ రూపకం అంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే.

అయితే ఆ బల్ల దగ్గర కూర్చునేది ఒక్కరే. పక్క కుర్చీ లేదు, తలుపు లేదు, ఎవరైనా వచ్చారో లేదో తెలిసే వీలు లేదు. ఒకే ఫైలును ఇద్దరు తెరిచినా ఒకరి ఉనికి మరొకరికి తెలియదు. బల్ల రూపకం వస్తువులను చూపించింది కానీ మనుషులను చూపించలేదు. వర్చువల్ లోకాల చరిత్రంతా ఒక రకంగా ఈ లోటును పూడ్చే ప్రయత్నమే.

బల్లను దాటి గదిలోకి వెళ్లాలన్న కోరిక బల్ల కంటే పాతది. ఐవాన్ సదర్లాండ్ 1965లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, కంప్యూటర్ పదార్థాన్నే శాసించే గదిని ఊహించారు. 1968లో ఆయన, విద్యార్థులు కలిసి తలకు తగిలించుకునే తెరను తయారుచేశారు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. 1970ల చివర మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రిచర్డ్ బోల్ట్, నికొలస్ నెగ్రోపాంటే బృందం మరో పద్ధతి పట్టింది. కుర్చీలో కూర్చుని, ఎదుట గోడంత తెర మీద సమాచారాన్ని ఒక నేలలాగా పరిచి, దాని మీద ఎగురుతున్నట్లు తిరగవచ్చు. ఫైలు పేరు గుర్తులేకపోయినా అది ఎక్కడుందో గుర్తుంటుంది కదా అన్నది వారి వాదం. ఇంట్లో మనం తాళంచెవులు వెతికే తీరు ఇదే. పేరుతో కాదు, చోటుతో వెతుకుతాం.

బొమ్మలు లేని లోకం, తర్వాత బొమ్మల లోకం

వర్చువల్ లోకం అనగానే రంగురంగుల బొమ్మలు గుర్తొస్తాయి. మొదటి లోకాలలో ఒక్క బొమ్మ కూడా లేదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అనే ఆటను మొదలుపెట్టారు. రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఉత్తరానికి వెళ్లు అని టైపు చేస్తే కొత్త గది వర్ణన తెర మీదికి వస్తుంది. అదే గదిలో మరొకరు ఉంటే వారి పేరు కనిపిస్తుంది, వారితో మాట్లాడవచ్చు. ఇంతే. అయినా ఇందులో బల్ల మీద లేనిది ఒకటుంది. ఇద్దరు ఒకే చోట ఉండడం అనేది యంత్రానికి తెలిసిన విషయంగా మారింది.

దీన్ని పరిశోధకులు వెంటనే కాకపోయినా గుర్తించారు. జిరాక్స్ పార్క్‌లోనే పావెల్ కర్టిస్ 1990లో లాంబ్డామూ అనే లోకాన్ని తెరిచారు. అందులోకి వచ్చినవారు కొత్త గదులను, వస్తువులను లోపలినుంచే ప్రోగ్రామ్ చేసి కట్టుకోవచ్చు. 1993లో ఏమీ బ్రక్‌మన్ అదే పద్ధతిలో మీడియా పరిశోధకుల కోసం మీడియామూ నెలకొల్పారు. ఊళ్లు వేరైన పరిశోధకులు సాయంత్రం ఒక గదిలో చేరి చర్చించుకునేవారు. ఆ గది అక్షరాలతో కట్టినదే అయినా, రేపు మళ్లీ అక్కడే కలుద్దాం అనుకోవడానికి సరిపోయింది.

బొమ్మలతో కూడిన మొదటి పెద్ద ప్రయత్నం హాబిటాట్. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్ కలిసి కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ కోసం దీన్ని తయారుచేశారు. 1986లో ప్రయోగాత్మకంగా మొదలై 1988 వరకు నడిచింది. టెలిఫోన్ తీగ మీద సెకనుకు 300 బిట్ల వేగంతో కూడా పనిచేసేట్లు దీన్ని రూపొందించారు. నేడు ఒక్క ఫోటో పంపే సమాచారంతో అప్పట్లో గంటల తరబడి ఆ లోకంలో తిరగవచ్చు.

హాబిటాట్‌లో తెర మీద వాడుకరికి బదులుగా తిరిగే బొమ్మకు మార్నింగ్‌స్టార్ పెట్టిన పేరు మనకు చాలా దగ్గరిది. అది అవతార్. అవతరించడం అంటే దిగిరావడం. తెరకు ఇవతల కూర్చున్న మనిషి తెర లోపలి లోకంలోకి దిగుతున్నాడన్న భావానికి సంస్కృత పదం కంటే మంచిది ఆయనకు దొరకలేదు కాబోలు. ఆ మాట ఇంగ్లిషు ఉచ్చారణతో తిరిగి మన దగ్గరికే వచ్చింది. మన ఫోన్లలో ఇప్పుడు దాన్ని కొత్త మాటలాగా చదువుతున్నాం.

వీరిద్దరూ 1990లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జరిగిన సదస్సులో తమ అనుభవాలను వివరించారు. ఆ వ్యాసం ఈ రంగంలో నేటికీ చదవదగినది. వారాల తరబడి కష్టపడి ఒక నిధివేటను తయారుచేస్తే, ఒక ఆటగాడు ఒక్క రోజైనా పట్టకుండా నిధిని పట్టేశాడట. చాలామందికి వేట మొదలైన సంగతి తెలిసేలోపే అది ముగిసింది. దీనినుంచి వారు నేర్చుకున్నదేమిటంటే, లోకాన్ని పైనుంచి ప్రణాళిక వేసి నడపలేం. అందులోని మనుషులు ఒకరితో ఒకరు ఏం చేస్తారన్నదే ఆ లోకాన్ని నిర్ణయిస్తుంది. బొమ్మల నాణ్యత, తెర పరిమాణం రెండో స్థానంలోకి వెళ్తాయి. కోట్ల పెట్టుబడితో వచ్చిన తర్వాతి కంపెనీలు ఈ మాటను పట్టించుకుని ఉంటే చాలా డబ్బు మిగిలేది.

గేమ్ ఇంజిన్ అంటే ఏమిటి?

ఇప్పుడు మరో పాయను అందుకుందాం. 1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ అనే ఆటను విడుదల చేసింది. చీకటి గదుల్లో తుపాకితో తిరుగుతూ రాక్షసులను చంపే ఆట ఇది. మన చరిత్రకు కావలసింది దాని కథ కాదు, కట్టుబడి. గదుల పటాలు, రాక్షసుల బొమ్మలు, శబ్దాలు అన్నీ విడి ఫైలులో ఉంటాయి. వాటిని నడిపే ప్రోగ్రామ్ వేరుగా ఉంటుంది. ఈ నడిపే భాగమే ఇంజిన్. బొమ్మలు, పటాలు మార్చేస్తే అదే ఇంజిన్ మీద మరో ఆట తయారవుతుంది. 1996లో అమెరికా మెరైన్ సైనిక దళం డూమ్ రెండో భాగాన్ని ఇలాగే మార్చి చిన్న దళాల శిక్షణకు వాడి చూసింది.

ఇంజిన్ చేసే పనిని బల్ల తెరతో పోల్చి అర్థం చేసుకోవాలి. సాధారణ ఆఫీసు ప్రోగ్రామ్ మీరు మీట నొక్కేవరకు ఊరికే కూర్చుంటుంది. నొక్కగానే లేచి పని చేసి మళ్లీ కూర్చుంటుంది. గేమ్ ఇంజిన్ అలా కూర్చోదు. మీరు ఏమీ చేయకపోయినా అది ఆపకుండా ఒక చక్రం తిప్పుతూనే ఉంటుంది. వాడుకరి ఏం నొక్కాడు, ఏ వస్తువు ఎటు కదిలింది, ఏది దేనికి తగిలింది, దూరంలో ఉన్న మరో ఆటగాడి నుంచి ఏ కబురు వచ్చింది అని లెక్కకట్టి, తెరంతా మళ్లీ గీస్తుంది. సెకనుకు 60 సార్లు గీయాలంటే ఒక్కో చుట్టుకు దాదాపు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. లోకం మన కోసం ఆగకుండా సాగిపోతోందన్న భావన ఈ చక్రం వల్లనే కలుగుతుంది. ఫోన్‌లో ఆట ఆడుతుంటే వేడెక్కడానికి, బ్యాటరీ త్వరగా అయిపోవడానికి కూడా ఇదే ముఖ్య కారణం.

డూమ్‌తో కంప్యూటర్‌ను నిర్వహించడం

ఇడ్ సాఫ్ట్‌వేర్ 1997 డిసెంబరులో డూమ్ మూల ప్రోగ్రామ్‌ను అందరికీ అందుబాటులో ఉంచింది. 1999లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న డెనిస్ చావ్ దాన్ని తీసుకుని ఒక వింత పని చేశారు. ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన ఉదాహరణ ఇదే.

యూనిక్స్ వ్యవస్థలో ఒక సమయంలో ఎన్నో ప్రోగ్రామ్‌లు నడుస్తుంటాయి. నడుస్తున్న ఒక్కో ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారు. వ్యవస్థను చూసుకునేవారు పీఎస్ అని టైపు చేస్తే వాటి జాబితా, ఒక్కోదాని సంఖ్య కనిపిస్తాయి. మొరాయించిన ప్రాసెస్‌ను ఆపాలంటే కిల్ అనే ఆదేశం ఇచ్చి, దాని సంఖ్య రాయాలి. కిల్ అంటే చంపడమే. చావ్ ఈ మాటను అక్షరాలా తీసుకున్నారు. ఆయన మార్చిన డూమ్‌లో ఒక్కో ప్రాసెస్ ఒక్కో రాక్షసుడు. రాక్షసుడి మీద ప్రాసెస్ పేరు, సంఖ్య కనిపిస్తాయి. గాయపరిస్తే ఆ ప్రాసెస్‌కు ప్రాధాన్యం తగ్గి నెమ్మదిస్తుంది. చంపితే నిజంగానే ఆగిపోతుంది.

వినగానే నవ్వొస్తుంది. 2001లో మనిషి-కంప్యూటర్ సంబంధాల మీద జరిగే ప్రసిద్ధ సదస్సులో చావ్ దీన్ని వ్యాసంగా సమర్పించినప్పుడు కూడా అందులో హాస్యం లేకపోలేదు. కానీ దాని వెనక ఉన్న వాదన గట్టిది. ఆదేశాల వరుస దగ్గర ఒక పనికిరాని ప్రాసెస్‌ను చంపడానికి, వ్యవస్థకు ప్రాణమైన ప్రాసెస్‌ను చంపడానికి పట్టే శ్రమ ఒక్కటే. సంఖ్యలో ఒక్క అంకె తప్పితే చాలు. లోకంలో అలా కాదు. ముఖ్యమైన ప్రాసెస్‌ను బలమైన రాక్షసుడిగా పెడితే, దాన్ని చంపడానికి చాలాసేపు పోరాడాలి. పొరపాటున చంపడం కష్టం. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి చిన్న తుపాకి ఇస్తే వారివల్ల జరిగే నష్టం కూడా చిన్నదే. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి పనిచేస్తుంటే ఒకరు ఎవరిమీద గురిపెట్టారో మరొకరికి కనిపిస్తుంది. గది రాక్షసులతో కిక్కిరిసి ఉంటే యంత్రం మీద భారం పెరిగిందని అంకెలు చదవకుండానే తెలుస్తుంది.

అధికారం, బాధ్యత అనే రెండు అంశాలను ఇంటర్‌ఫేస్‌లోకి తేవడం ఇక్కడి అసలు విషయం. ప్రమాదకరమైన పనికి ఎక్కువ శ్రమ పెట్టించడం, చేసినవాడు పదిమందికీ కనబడేట్లు చేయడం నిజజీవితంలో మనకు అలవాటే. బ్యాంకు లాకరు తెరవడానికి రెండు తాళంచెవులు కావాలి. బల్ల రూపకంలో ఈ బరువు లేదు. చెత్తబుట్టలోకి ఏ ఫైలైనా ఒకే తేలికతో జారిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. డూమ్‌లో రాక్షసులు ఒకరినొకరు కొట్టుకుంటారు. అంటే మనిషి ప్రమేయం లేకుండానే ఒక ప్రాసెస్ మరోదాన్ని చంపేయవచ్చు. నిర్వాహకుడు చంపకూడనిదాన్ని చంపితే యంత్రమే కూలుతుంది. రాక్షసుల చేతిలో నిర్వాహకుడే చచ్చిపోయే అవకాశం ఉంది. అరువు తెచ్చుకున్న ఇంజిన్‌తో పాటు ఆ ఆట నియమాలు కూడా వస్తాయి. వాటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.

ఆలోచించండి: మీకు తెలిసిన ఒక ఆఫీసు పనిలో వెనక్కి తీసుకోలేని చర్య ఏది? ఆ చర్యకు తెర మీద ఎంత శ్రమ పెట్టించాలి?

లోతు నిజంగా సాయపడుతుందా?

చోటుతో గుర్తుపెట్టుకోవడం తేలిక అన్న వాదాన్ని పరీక్షించినవారు ఉన్నారు. 1998లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు డేటా మౌంటెన్ అనే ఏర్పాటును పరీక్షించారు. ఏటవాలు కొండలాంటి బొమ్మ మీద 100 వెబ్ పేజీల చిన్న రూపాలను వాడుకరులే తమకు నచ్చిన చోట పెట్టుకోవాలి. తర్వాత వెతకమంటే, అప్పటి బ్రౌజర్‌లోని జాబితాలో కంటే ఇందులో వేగంగా వెతకగలిగారు. మూడు కొలతల తెరకు ఇది గెలుపులాగే కనిపించింది.

న్యూజీలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండీ కాక్‌బర్న్, బ్రూస్ మెకెంజీ ఇక్కడ మంచి ప్రశ్న వేశారు. సాయపడింది లోతా, లేక వస్తువును తన చేత్తో తనకు నచ్చిన చోట పెట్టుకోవడమా? వారు బల్లపరుపు, ఏటవాలు, పూర్తి మూడు కొలతల అమరికలను తయారుచేసి పోల్చారు. తెర మీదే కాదు, కార్డులను నిజంగా చేత్తో అమర్చే పద్ధతిలోనూ చూశారు. 2002లో ప్రకటించిన ఫలితం ప్రకారం, మూడో కొలతలో స్వేచ్ఛ పెరిగేకొద్దీ వెతికే పని మందగించింది. ముందున్నది వెనకదాన్ని కప్పేస్తుంది, ఏది ఎంత దూరమో తేల్చుకోవాలి. చోటు గుర్తుంటుందన్నది నిజమే, దానికి లోతు అక్కర్లేదు.

ఇంటి గదిని బొమ్మగా గీసి, అందులో క్యాలెండరు నొక్కితే క్యాలెండరు తెరుచుకునేట్లు 1995లో వచ్చిన మైక్రోసాఫ్ట్ బాబ్ మరుసటి ఏడాదికే మూలపడింది. అందులో గది ఉంది కానీ అది అలంకారం మాత్రమే. గదిలోకి మరెవరూ రారు. అక్కడ జరిగే పనికి గదితో సంబంధం లేదు.

చోటే పని అయిన సందర్భాలు వేరు. కూలిన భవనంలోకి రోబోను పంపాలంటే శిథిలాలు, మలుపులు, ఇరుకు సందులే అసలు సమస్య. అన్‌రియల్ టోర్నమెంట్ అనే ఆట ఇంజిన్ మీద పిట్స్‌బర్గ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు యూసార్‌సిమ్ అనే వ్యవస్థను ఇందుకే కట్టారు. మనిషి రోబోలను ఎలా నడపాలో, ఒకేసారి ఎన్నిటిని చూసుకోగలడో ఇందులో పరీక్షించవచ్చు. 2006 నుంచి రోబోకప్ పోటీలలో వర్చువల్ రోబోల విభాగం దీనిపైనే నడిచింది. పరిశోధనలో గేమ్ ఇంజిన్ల గురించి 2002లో మైకేల్ లూయిస్, జెఫ్రీ జేకబ్సన్ రాసినదాంట్లో ఖర్చు సంగతి ముఖ్యమైనది. అంతకుముందు ఇలాంటి దృశ్యాల కోసం ప్రత్యేక యంత్రాలు, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చేవి. పిల్లలు ఆటల కోసం పెట్టిన డబ్బు వల్ల అంతటి సామర్థ్యం ఒక ఆట డిస్కు ధరకు పరిశోధనాలయానికి దొరికింది.

దూరవిద్య, సెకండ్ లైఫ్

సెకండ్ లైఫ్ 2003 జూన్‌లో మొదలైంది. ఫిలిప్ రోజ్‌డేల్ స్థాపించిన లిండెన్ ల్యాబ్ దీన్ని నడిపింది. ఇందులో గెలవవలసిన ఆట లేదు. స్థలం అద్దెకు తీసుకుని, లోపలినుంచే ఇళ్లు, తరగతులు, ప్రయోగశాలలు కట్టుకోవచ్చు. 2007లో మాటలు చేరాయి. దగ్గరివారి గొంతు దగ్గరగా, దూరంవారిది దూరంగా వినిపించేది. వీడియో సమావేశంలో ఒకరు మాట్లాడితే అందరూ వినాల్సిందే. ఇక్కడ పాఠం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఓ మూలకు జరిగి ముచ్చటించుకోవచ్చు.

ఇది దూరవిద్య విద్యార్థులైన మీకు వేరే చెప్పనక్కర్లేదు. 1969లో స్థాపించిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ, 1982లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన మన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, రెండూ చదువును ఇంటికి చేర్చాయి. ముద్రించిన పాఠాలు, రేడియో, దూరదర్శన్ పాఠాలు అందాయి. అందనిది వరండా. తరగతి అయ్యాక పక్కవాడిని నీకర్థమైందా అని అడిగే చోటు. ఆదివారం కాంటాక్ట్ తరగతికి బస్సెక్కి వచ్చేవారిలో చాలామందికి పాఠంతో సమానంగా కావలసింది అదే. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ సెకండ్ లైఫ్‌లో స్థలం తీసుకున్నప్పుడు, 2007లో స్కోమ్ అనే ప్రయోగంలో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు ఒక ద్వీపాన్ని అప్పగించినప్పుడు వెతికింది ఆ వరండానే.

2010 అక్టోబరులో లిండెన్ ల్యాబ్, విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీని కొత్త సంవత్సరం నుంచి ఆపేస్తామని ప్రకటించింది. సంస్థలు ఏళ్ల తరబడి కట్టుకున్న భవనాలు ఉన్నచోటే ఉన్నాయి, అద్దె రెట్టింపైంది. భవనాన్ని ఎత్తుకుని పక్క ఊరికి వెళ్లే దారి లేదు. పలు సంస్థలు ఓపెన్‌సిమ్యులేటర్ వైపు మళ్లాయి. 2007లో మొదలైన ఇది ఎవరైనా తమ సొంత యంత్రంలో నడుపుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2013లో రాయితీ తిరిగి వచ్చింది కానీ వెళ్లినవారందరూ తిరిగి రాలేదు. ఈ చరిత్రలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గూగుల్ లైవ్లీ 2008లో పుట్టి అదే ఏడాది చివర మూతపడింది. మైక్రోసాఫ్ట్ ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో ఆగింది. మొజిల్లా హబ్స్ సేవ 2024లో ఆగిపోయినా, దాని మూల ప్రోగ్రామ్ బహిరంగంగా ఉండడం వల్ల ఇతరులు నడుపుకోగలిగారు. హాబిటాట్ కథ కూడా ఇందుకు సాక్ష్యమే. దాని మూల ప్రోగ్రామ్ 2016లో ఓక్‌లాండ్‌లోని ఒక మ్యూజియం ద్వారా బయటికి వచ్చాక ఔత్సాహికులు ఆ లోకాన్ని మళ్లీ నడిపించారు. ఒక ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకోగలం. లోకాన్ని అలా తెచ్చుకోవాలంటే దాన్ని నడిపే ఇంజిన్ కూడా మన చేతికి రావాలి.

2020లో కోవిడ్ కాలంలో వచ్చిన గాథర్‌ను కూడా ఇక్కడే చెప్పాలి. పాత వీడియో ఆటల్లాంటి బల్లపరుపు పటం, అందులో చిన్న బొమ్మలు. రెండు బొమ్మలు దగ్గరైతే ఆ ఇద్దరి వీడియో తెరుచుకుంటుంది, దూరమైతే మూసుకుంటుంది. లోతు లేదు, చోటు ఉంది. కాక్‌బర్న్, మెకెంజీల ఫలితం తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఇంజిన్ అన్నిచోట్లా, అక్షరాలు మాత్రం

2005లో యూనిటీ ఇంజిన్ వచ్చింది. 2015లో అన్‌రియల్ ఇంజిన్‌ను ఉచితంగా దిగుమతి చేసుకునే వీలు కల్పించి, అమ్మకాలు ఒక స్థాయి దాటితే వాటా తీసుకునే పద్ధతి పెట్టారు. అప్పటినుంచి ఆటతో సంబంధం లేని పనుల్లోకి ఈ ఇంజిన్లు వేగంగా ప్రవేశించాయి. అన్‌రియల్ ఇంజిన్‌తో నడిచే డ్రైవర్ తెర ఉన్న హమ్మర్ విద్యుత్ వాహనాన్ని 2020లో జీఎంసీ ప్రకటించింది. ఒకప్పుడు సూదులు, ముళ్లు ఉన్న చోట ఇప్పుడు ఆట ఇంజిన్ గీసిన దృశ్యం. అద్దె సమస్య ఇక్కడికీ వచ్చింది. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థ, తన ఇంజిన్‌తో తయారైనదాన్ని ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ రుసుము వేస్తామంది. పెద్ద గొడవ జరిగింది. ఏడాది తర్వాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

తెలుగు వాడుకరికి మరో చిక్కు ఉంది, దాన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా ప్రస్తావించవు. స్త్రీ అన్న మాటను చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఈ ఆరింటినీ చూసి ఏది ఒత్తుగా కిందికి వెళ్లాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అని తేల్చే ప్రత్యేక ప్రోగ్రామ్ ఉండాలి. ఆపరేటింగ్ వ్యవస్థలు ఈ పనిని నేర్చుకున్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పుడు దానితోపాటు ఈ కూర్పు కూడా వచ్చింది. తర్వాత ఏ ప్రోగ్రామ్ రాసేవారైనా తెలుగు గురించి తెలియకపోయినా, అక్షరాలు గీసే పనిని వ్యవస్థకు వదిలేస్తే తెలుగు సరిగ్గా కనిపించేది.

గేమ్ ఇంజిన్ ఆ పనిని వ్యవస్థకు వదలదు. తెరంతా తానే గీస్తుంది, అక్షరాలతో సహా. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో చాలాకాలం పాటు సంకేతానికొక బొమ్మ చొప్పున వరుసగా పేర్చే పద్ధతిలోనే నడిచింది. రోమన్ లిపికి అది చాలు. తెలుగులో ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడతాయి. తెలుగులో ఆటలు చేయాలనుకున్నవారు మాటలను ముందే బొమ్మలుగా గీసి పెట్టుకోవడం లాంటి అడ్డదారులు పట్టవలసి వచ్చింది. అన్‌రియల్ ఇంజిన్ హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కలుపుకోవడంతో అక్కడ ఈ సమస్య తగ్గింది. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌దీ ఇదే కథ. బల్ల తెర మీద ప్రతి మీటకూ ఒక పేరు ఉంటుంది, వ్యవస్థ దాన్ని అడిగినవారికి చెబుతుంది. ఇంజిన్ గీసిన తెర బయటినుంచి చూస్తే ఒక పెద్ద బొమ్మ మాత్రమే. అందులో మీట ఎక్కడుందో ఇంజిన్ ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఆటలు చేసేవారికి ఇది చాలాకాలం చిన్న విషయంగానే ఉంది. అదే ఇంజిన్ మీద తరగతి గది, ఆసుపత్రి తెర, కారు తెర కడుతున్నప్పుడు చిన్న విషయం కాదు.

కృత్యం: మీ దగ్గరున్న ఫోన్‌లో ఏవైనా మూడు ఆటలు తెరిచి, ఆటగాడి పేరు రాయమనే చోట స్త్రీ, లక్ష్మి, కర్త్రి అని తెలుగులో టైపు చేయండి. ఏ ఆటలో అక్షరాలు సరిగ్గా కుదిరాయి, దేనిలో ఒత్తులు విడిపోయాయి, ఏది తెలుగును అసలు తీసుకోలేదు అన్నవి రాసుకోండి. ఫోన్‌లోని తెర చదివే సదుపాయాన్ని ఆన్ చేసి, అవే మూడు ఆటల్లో ఏ మీట పేరైనా వినిపిస్తుందేమో కూడా చూడండి. ఫలితాలను అధ్యయన కేంద్రంలో జరిగే తర్వాతి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.